మా పడవకి మొదటి ప్రమాద హెచ్చరిక

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా లంక రేవులో కట్టేసి ఉండే చిన్న పడవకీ ఇలాంటి ఏర్పాటే ఉంది: చీలమండ, పిక్క, మోకాలు. మొన్న రాత్రి వాన దంచి కొట్టింది. తెల్లారి పడవలో కాలు పెడితే చీలమండ మునిగింది.

పడవ నోరు సుమారు 5 చదరపు మీటర్లు. 60 మిల్లీమీటర్ల వాన పడిందనుకుంటే 300 లీటర్లు. ధాన్యం బస్తా 75 కిలోల లెక్కన నాలుగు బస్తాల బరువు. చెంబుతో తోడితే మూడు వందల చెంబులు. అది చదువు రానివాళ్లు చేసే పని కాబట్టి, గట్టు మీద అప్పటికే చేరిన నలుగురు నిపుణులూ ఒప్పుకోలేదు.

మా బావమరిది గొట్టం తెచ్చాడు. ఒక కొస పడవలో, రెండో కొస ఏట్లో. నోటితో పీల్చి వదిలాడు. నీళ్లు బ్రహ్మాండంగా పారాయి, ఏట్లోంచి పడవలోకి. తేలే పడవలో నిలిచిన నీరు మామూలుగా బయటి నీటి కంటే దిగువనే ఉంటుంది. ఆ సంగతి గొట్టానికి తెలుసు. మావాడు మాత్రం, గొట్టం తిరగేసి పెట్టారేమో చూడమన్నాడు.

వరసకి పెదనాన్న అయ్యే పెద్దాయన ఇంకా లోతుగా ఆలోచించారు. “ఒరే అబ్బాయ్, నీళ్లు ఎప్పుడైనా పల్లానికే కదరా పోయేది! అడుగున చిన్న చిల్లు పెట్టు, సరిపోద్ది.” పడవ ఒడ్డున ఉంటే ఆ మాటకి తిరుగులేదు. నీళ్లలో ఉన్నప్పుడు పాటిస్తే ఇక ఎన్ని వానలొచ్చినా పడవలో నీళ్లున్నాయన్న బెంగ ఉండదు. పడవే ఉండదు గనక.

మూడో ఆయన గూడ, అంటే తాళ్లు కట్టి నీళ్లు తోడే బుట్ట, వెయ్యమన్నాడు. గూడకి ఇద్దరు మనుషులు చెరో గట్టునా నిలబడి తాళ్లు లాగాలి. మా పాయకి అవతలి గట్టు అర కిలోమీటరు. తాడు కొనాలన్నా పడవెక్కి అటే వెళ్లాలి.

నాలుగో ఆయన ఎండకి వదిలెయ్యమన్నాడు. ఇది శ్రావణమాసం. సలహా మంచిదే, సంక్రాంతి లోపు అమల్లోకి రావచ్చు.

ముందు రాత్రే పడవని ఒడ్డుకి లాగి బోర్లిస్తే ఈ బాధ ఉండేది కాదు. కానీ దానికి నలుగురు సాయం పట్టాలి. ఆ నలుగురూ తెల్లారితే గానీ దొరకరు, దొరికాక వంగరు.

చివరికి ఐదు లీటర్ల నూనె డబ్బాని ఏటవాలుగా కోసి నేనే తోడాను. నడుం పట్టేసింది గానీ అడుగు చెక్క కనబడింది. పడవ తేలిగ్గా పైకి లేచింది.

“ఇంకేం, సంతకి టైమవుతోంది,” అంటూ నిపుణులు నలుగురూ ఎక్కి కూర్చున్నారు. తలా ఒక బస్తా బరువుంటారు. పడవ పొద్దున్న ఎక్కడి దాకా మునిగి ఉందో, సరిగ్గా అక్కడికే దిగింది.