గోనెసంచి పరిష్కారం

మా అపార్టుమెంటు సంఘంలో ఎవరూ పేచీ పెట్టకుండా ఆమోదం పొందే తీర్మానం ఒక్కటే: సెల్లారులోని పిల్లులను పట్టించి దూరంగా వదిలిపెట్టాలి. మర్నాడే వాచ్‌మన్ గోనెసంచితో తయారవుతాడు. రెండు మూడు పిల్లులు సంచిలో పడి, రింగురోడ్డు అవతల ఏదో చెరువు గట్టున దిగుతాయి. మూడు నెలలు తిరిగేసరికి స్కూటరు సీట్ల మీద కొత్త గీతలు, సెల్లారులో కొత్త కూనలు, మళ్లీ సమావేశం. నాలుగేళ్లలో ఈ తంతు మూడుసార్లు చూశాను.

తిండి దొరికే చోటు ఖాళీగా ఉండదు. మూతలేని చెత్తడబ్బాలో చేపముళ్లు ఉన్నంతకాలం పక్కవీధి పిల్లి వచ్చి చేరుతుంది. ఆడపిల్లి అయిదారు నెలలకే ఎదకు వస్తుంది, తొమ్మిది వారాల్లో ఈనుతుంది, కూనలకు పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. ఆ వేగాన్ని గోనెసంచి ఏం అందుకుంటుంది? పైగా ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. పిల్లిని చంపితే బంగారు పిల్లిని దానమివ్వాలని భయపడే మనకు, గట్టున వదిలి రావడానికి మాత్రం భయం ఉండదు.

చేయాల్సింది పట్టుకోవడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించడం, పట్టిన చోటే వదలడం. బోనులో ఎండుచేప పెడితే చాలు, వాసనకు వస్తుంది. తలుపు పడగానే దుప్పటి కప్పాలి. అంతసేపూ బోనును కుదిపేసిన పిల్లి లోపల చీకటి కాగానే సద్దుమణుగుతుంది. మత్తులో ఉండగానే రేబిస్ టీకా వేసి, ఎడమ చెవి కొన కొద్దిగా కత్తిరిస్తారు. ఆ గుర్తు దూరం నుంచే కనబడుతుంది కాబట్టి అదే పిల్లిని రెండోసారి పట్టి హింసించే పని ఉండదు. మగపిల్లుల అర్ధరాత్రి కొట్లాటలు, మెట్ల కింది మూత్రపు కంపు బాగా తగ్గుతాయి. అయితే పని దాదాపు అన్నిటికీ, ఒకే విడతలో జరగాలి. పదింటిలో నాలుగింటికి చేయించి ఫొటోలు దిగితే, మిగిలిన ఆరు ఆ లెక్కను ఏడాది తిరగకముందే సరిచేస్తాయి.

పిల్లులు పక్షులను తింటాయి, చంపేయడమే మేలని వాదించేవారున్నారు. తినే మాట నిజమే. దక్షిణాఫ్రికాకు చెందిన మారియన్ దీవిలో 1949లో ఎలుకల కోసం తెచ్చిన అయిదు పిల్లులు 1977 నాటికి దాదాపు 3,400 అయ్యాయి. వైరస్ వదిలి, తుపాకులతో, బోనులతో వేటాడితే చివరి పిల్లి పోయేసరికి 1991 వచ్చింది. చుట్టూ సముద్రమున్న దీవిలోనే అంతకాలం పట్టింది. మన సెల్లారుకు గేటు కూడా సరిగ్గా పడదు.

నన్ను కలవరపెట్టేది పిల్లులకంటే ఆ గోనెసంచి. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు హైదరాబాద్‌లో భిక్షాటన నిషేధించి, యాచకులను రోడ్ల మీది నుంచి తరలించారు. చెత్తను ఊరి చివరి గుట్టకు, తోపుడుబండ్లను పక్కవీధికి తోలడం కూడా ఆ సంచి పనే. కంటికి కనబడకపోతే సమస్య తీరినట్టు లెక్క రాసుకోవడం మన పట్టణ పాలనకు అలవాటైపోయింది. అవతలి ఊరివాళ్లకు కూడా కళ్లుంటాయని ఎవరికీ తట్టదు.

వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో నాలుగో అంశం మళ్లీ పిల్లులే. రెండు బోనులు అద్దెకు మాట్లాడి ఉంచాను. ఎండుచేపల ఖర్చు ఎవరిదన్న దగ్గరే గొడవ మొదలవుతుందని నా అనుమానం.