ఆటోలో పెడితే డీజిల్ తాగుతాది

తిరుపతిలో అపార్ట్‌మెంటు బ్రోచరు అంటే పైన వేంకటేశ్వరస్వామి ఫొటో, కింద '100% పవర్ బ్యాకప్'. పైనున్నాయన మీద నమ్మకంతో కిందున్న మాటని కూడా నమ్మేసి అడ్వాన్సు ఇచ్చేస్తాం. తిరుచానూరు రోడ్డు వైపున్న మా అపార్ట్‌మెంటులో ఆ మాట సెల్లారులో, పెద్ద రేకు డబ్బాలో డీజిల్ జనరేటరై కొలువై ఉంది. ఏటా ఆయుధపూజకి దానికి దండేసి, గుమ్మడికాయ కొడతాం. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోయడం మాత్రం మా సంప్రదాయంలో లేదు.

డబ్బా పక్కన గోడకి ఒక ప్యానెల్. నిజానికి ఇంట్లో తెలివంతా దాందే. కరెంటు పోతే కనిపెడుతుంది, ఇంజన్‌ని స్టార్ట్ చేస్తుంది, అది నిమిషానికి 1500 చుట్లు అందుకుని 50 హెర్ట్జ్ దగ్గర నిలబడేదాకా ఆగి, అప్పుడు లిఫ్టునీ మోటారునీ దాని మీదికి మారుస్తుంది. అంతా కొన్ని సెకన్ల పని. కరెంటు తిరిగొచ్చినా ఎగబడదు. కాసేపు చూసి, నిలకడగా ఉందనుకున్నాకే లోడు వెనక్కి ఇస్తుంది. ఇంజన్‌ని ఇంకాసేపు ఉత్తినే తిప్పి, చల్లబరిచి ఆపుతుంది. మా అసోసియేషన్‌లో ఇంత ఓర్పున్న సభ్యుడు ఇంకొకరు లేరు.

అందుకే కాబోలు, సెక్రటరీగారు దాని నోరు కట్టేశారు. "ఆటోలో పెడితే డీజిల్ తాగుతాది సార్" అని నాబ్‌ని మాన్యువల్‌కి తిప్పారు.

మాన్యువల్ అంటే ఏమిటో మొన్న గాలివాన రాత్రి చూశాం. కరెంటు పోయింది. వాచ్‌మన్ సెక్రటరీకి ఫోన్ చేశాడు. "పది నిమిషాలు చూడబ్బా, వస్తాదేమో." చూశాడు. రాలేదు. జనరేటర్ తాళం ట్రెజరర్ దగ్గరుంది. ట్రెజరర్ కొండ మీద క్యూలో ఉన్నారు, ఆయన ఫోను కౌంటర్లో డిపాజిట్ అయి ఉంది. రెండో తాళం ఐదో అంతస్తులో. లిఫ్టు లేదు గనుక మనిషి మెట్లెక్కి, దిగి, తాళం తిప్పితే 'టిక్' అంది. బ్యాటరీ డౌన్. ఒకాయన కారు తెచ్చారు, ఇంకొకాయన కేబుల్ తెచ్చారు, ఎర్రది ఎక్కడ నల్లది ఎక్కడ అని నలుగురు వాదిస్తుండగా కరెంటు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టి లిఫ్టెక్కారు. మళ్ళీ పోయింది. రెండుకీ మూడుకీ మధ్య ఇరుక్కున్న అవ్వ లోపల్నించి అరుస్తోంది: "నాయనా, నన్ను తర్వాత తీస్తురు గానీ, పొయ్యి మింద పాలు పెట్టొచ్చినా, ఎవరైనా పోయి ఆపండి!"

గ్రౌండ్ ఫ్లోర్ ఆయన మాత్రం ప్రశాంతంగా ఉన్నారు. లిఫ్టు వాడరు గనుక డీజిల్ డబ్బులివ్వరు.

ఇంతవరకూ నవ్వొచ్చు. నవ్వలేనిది తర్వాత జరిగింది. ప్యానెల్లో లోడు మార్చే స్విచ్చు, కాంటాక్టర్ అంటారు, కాలిపోయింది. కొత్తది ఖరీదని, దాన్ని తప్పించి జనరేటర్ లైనుని నేరుగా మెయిన్‌లో కలిపించారు. "మెయిన్ దించి స్టార్ట్ చేస్తే చాలు" అట. ఆ మార్చే స్విచ్చు ఎందుకుంది? రెండు లైన్లూ ఒకేసారి కలవడానికి వీల్లేకుండా. నిద్రమత్తులో వాచ్‌మన్ ఒక్కసారి మెయిన్ దించడం మరిచిపోతే మన కరెంటు వీధిలోకి పోతుంది. 11 కేవీని, అంటే 11 వేల వోల్టులని, మనకి తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరే దీన్ని మళ్ళీ పెంచి తీగలోకి తోస్తుంది. ఆ తీగ అక్కడ తెగి ఉంటే, లైన్ క్లియర్ తీసుకున్నాం, తీగలో కరెంటు ఆపేశారన్న ధైర్యంతో వానలో స్తంభం మీద ఒక లైన్‌మన్ ఉంటాడు. అతను చేతులు పెట్టేది మన పొదుపు మీద. గేటుకి ఇత్తడి అక్షరాలు చేయించడానికి డబ్బులున్నాయి, ఒక మనిషి చావకుండా చూసే స్విచ్చుకి లేవు! సిగ్గుండాలి.

సెక్రటరీగారూ, "వచ్చే మీటింగులో చూద్దాం" అనకండి. ఈ వారంలో ఆ వైరు ఊడదీసి, లైను మార్చే ఛేంజోవర్ స్విచ్చు పెట్టించండి. లేదంటే కరెంటాఫీసులో ఫిర్యాదు నేనే ఇస్తాను, నా ఫ్లాట్ నంబరుతో సహా.