జవానుకీ కావాలి కాలేజీ సీటు

ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో 2022 చివర్లో శిక్షణకు చేరిన నౌకాదళ అగ్నివీరులకు 2026 చివరికి నాలుగేళ్లు నిండుతాయి. 2023 ఆరంభంలో శిక్షణ మొదలుపెట్టిన సైన్యం బ్యాచ్ వంతు ఆ వెంటనే వస్తుంది. వీళ్లను నాలుగేళ్ల సర్వీసుకే తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించినప్పటి నిబంధన ప్రకారం వీరిలో నూటికి 25 మంది వరకే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగతావారు ఇంటికి వస్తారు. చాలామంది పదో తరగతితోనో ఇంటర్‌తోనో చేరిన పాతికేళ్ల లోపువారు. ఊళ్లో వీళ్ల ఈడువాళ్లు అప్పటికి డిగ్రీనో బీటెక్కో ముగించి ఉంటారు.

వీళ్ల గురించి జరుగుతున్న చర్చంతా ఉద్యోగం చుట్టూనే తిరుగుతోంది. కేంద్ర సాయుధ బలగాల్లో ఎన్ని పోస్టులిస్తారు, పోలీసు శాఖలో ఎంత శాతం, ఏ కంపెనీ సెక్యూరిటీలోకి తీసుకుంటుంది అనే మాటలే వినిపిస్తున్నాయి. అవన్నీ అవసరమే. కానీ ఇరవై మూడేళ్ల మనిషికి యూనిఫాం మార్చుకోవడం తప్ప ఇంకో దారి లేదన్నట్టు మాట్లాడటం మాకు బాధ కలిగిస్తోంది. చదువుకుంటానన్న ప్రతి అగ్నివీరుడికీ, అగ్నివీరురాలికీ యూనివర్సిటీలో సీటు, ఫీజు, చదివినంత కాలం తిండికీ గదికీ సరిపడే భృతి హక్కుగా దక్కాలని మేము కోరుతున్నాం. సేవానిధి ఇస్తున్నాం కదా అన్న జవాబు దీనికి సరిపోదు.

సేవానిధి లెక్క చూద్దాం. మొదటి ఏడాది నెలకు 30 వేలతో మొదలై నాలుగో ఏట 40 వేలకు చేరే జీతంలో 30 శాతం పక్కన పెడతారు. ప్రభుత్వం అంతే మొత్తం కలుపుతుంది. వడ్డీతో కలిపి చివర్లో సుమారు 11.71 లక్షలు చేతికొస్తుంది. పన్ను లేదు. పెన్షన్, గ్రాట్యుటీ కూడా లేవు. ఆ మొత్తంలో దాదాపు సగం ఆ కుర్రాడి జీతంలోంచి మినహాయించిందే. శ్రీకాకుళం పల్లెలోనో నల్గొండ తండాలోనో ఒక ఇంటికి ఆ డబ్బు ఒక్కసారిగా వస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. చెల్లి పెళ్లి, నాన్న చేసిన పాత అప్పు, సగంలో ఆగిన ఇంటి స్లాబు ముందుకొస్తాయి. ఇల్లు నిలబెట్టుకోవడం తప్పు కాదు. ఇంటి అవసరానికీ తన చదువుకీ మధ్య ఒకదాన్ని ఎంచుకోమని ఆ వయసువాణ్ని ఒంటరిగా నిలబెట్టడమే తప్పు.

మన దేశంలో సైనికులకు విద్యా సాయం లేదని అనడం లేదు. ఉన్నది చాలావరకు సైనికుడి పిల్లలకు. 2006లో మొదలైన ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ పథకం కింద ఏటా 5,500 మందికి, అబ్బాయిలకు నెలకు 2,500, అమ్మాయిలకు 3,000 రూపాయల చొప్పున ఇస్తున్నారు. అది మాజీ సైనికుల పిల్లలకు, సైనిక వితంతువులకు. మన రెండు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ ప్రవేశాల్లో ఉన్న క్యాప్ కోటా రెండు శాతం కూడా పేరులోనే చెబుతున్నట్టు సైనికుల పిల్లలకే. ఇలా ఉండటానికి కారణముంది. మామూలు జవాను పదిహేను, పదిహేడేళ్లు చేసి 35–40 ఏళ్ల వయసులో పెన్షన్‌తో వస్తాడు. అప్పటికి బడికి, కాలేజీకి పోయేది అతని పిల్లలు. పశ్చిమ గోదావరిలో మిలటరీ మాధవరం లాంటి ఊళ్లలో తండ్రి ఫౌజులో ఉంటే పిల్లల చదువుకు ఆ సర్వీసు అక్కరకొచ్చేది. అగ్నివీరుడి సంగతి వేరు. అతనికి ఇంకా పిల్లలు లేరు. చదువుకునే ఈడు అతనిదే. పైగా అతనికి మాజీ సైనికుడి హోదా ఇవ్వడం లేదు కాబట్టి పాత పథకాలేవీ అతని దాకా రావు.

ఈ విషయంలో అమెరికా అనుభవం వివరంగా చూడదగింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన వారికి అక్కడి ప్రభుత్వం బోనస్ పత్రాలు ఇచ్చి, డబ్బు మాత్రం 1945లో తీసుకోమంది. మాంద్యంలో పస్తులున్న వేలాది మాజీ సైనికులు 1932లో వాషింగ్టన్‌కు వచ్చి గుడిసెలు వేసుకుంటే, వాళ్ల మీదికి సైన్యాన్నే పంపారు. ఆ మచ్చ మళ్లీ పడకూడదన్న భయం తర్వాతి యుద్ధం నాటి నాయకుల్లో బలంగా ఉంది. 1944 జూన్ 22న అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన, మాజీ సైనికులను చదివించే చట్టమైన జీఐ బిల్లు అలా వచ్చింది. ఏడాదికి 500 డాలర్ల వరకు ఫీజు, పెళ్లికానివారికి నెలకు 50 డాలర్లు, కుటుంబం ఉన్నవారికి 75 డాలర్ల భృతి. ఆ రోజుల్లో 500 డాలర్లతో హార్వర్డ్ ఫీజు కూడా కట్టొచ్చు.

పెద్దలు ఊరుకోలేదు. యూనివర్సిటీలు దేశదిమ్మరుల మకాములైపోతాయని షికాగో యూనివర్సిటీ అధిపతి రాబర్ట్ హచిన్స్ రాశాడు. హార్వర్డ్ అధ్యక్షుడు కోనంట్ కూడా చదువుల స్థాయి పడిపోతుందని భయపడ్డాడు. 1947 నాటికి అమెరికా కాలేజీల్లో చేరినవారిలో 49 శాతం మాజీ సైనికులే. రేకుల షెడ్లలో క్లాసులు నడిపారు. పెళ్లాం పిల్లలతో వచ్చినవారికి ట్రెయిలర్లలో కాపురాలు పెట్టించారు. వాళ్ల చదువు చూశాక కోనంట్ కూడా వాళ్లను మెచ్చుకోక తప్పలేదు. 1956 నాటికి సుమారు 78 లక్షల మంది ఏదో ఒక చదువుకో శిక్షణకో ఆ చట్టాన్ని వాడుకున్నారు. అందులో 22 లక్షల మంది కాలేజీలకు వెళ్లారు. రైతుల, కూలీల కొడుకులు ఇంజినీర్లు, టీచర్లు, డాక్టర్లు అయ్యారు.

ఆ కథలో చీకటి కూడా ఉంది. చట్టంలో రంగు ప్రస్తావన లేదు. అమలు మాత్రం స్థానిక ఆఫీసుల చేతుల్లో పెట్టారు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి సైనికులను ఆ ఆఫీసులు కూలి పనులవైపు తోశాయి. తెల్లవారి కాలేజీలు తలుపులు తీయలేదు, నల్లవారి కాలేజీల్లో చోటు చాలలేదు. అదే యుద్ధం, అదే చట్టం అయినా దాని ఫలం వారికి అందలేదు. కాగితం మీద అందరికీ సమానమైన హక్కు గుమస్తా బల్ల దగ్గర ఎలా చచ్చిపోతుందో కులం ఉన్న మన దేశానికి విడమర్చి చెప్పక్కర్లేదు. అందుకే ఇలాంటి హక్కు ఎవరి దయ మీదా ఆధారపడకుండా నియమాల్లోనే స్పష్టంగా రాసి ఉండాలి.

అమెరికా 2008లో తెచ్చి 2009 ఆగస్టు నుంచి అమలు చేసిన కొత్త చట్టం ఇంకొంత ముందుకెళ్లింది. మూడేళ్లు సర్వీసు చేసినవారికి 36 నెలల చదువు. ఆ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలో స్థానికులకు ఉండే ఫీజు మొత్తాన్ని నేరుగా యూనివర్సిటీకే చెల్లిస్తారు. ఆ ఊరి అద్దెలను బట్టి ఇంటి భృతి, పుస్తకాలకు ఏడాదికి 1,000 డాలర్ల వరకు విద్యార్థికి వస్తాయి. మాకు నచ్చింది ఇంకొకటుంది. ఈ సాయం కింద విద్యార్థులు చదివే ప్రతి కాలేజీలో దానికి బాధ్యుడైన ఉద్యోగి ఒకరు ఉంటారు. ఎవరు ఎన్ని క్రెడిట్లు (కోర్సులకు ఇచ్చే పాయింట్లు) చదువుతున్నారో, ఎవరు మధ్యలో కోర్సు వదిలేశారో ప్రభుత్వానికి తెలియజేసేది ఆయనే. అడగడానికి ఒక మనిషి, ఒక గది ఉంటాయి. అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మన పిల్లలు అప్పు వాయిదాల టెన్షన్‌తో కూర్చునే క్లాసుల్లోనే ఇలా చదువుకునే మాజీ సైనికులూ ఉంటారు.

అక్కడ మోసాలూ జరిగాయి. డబ్బు వస్తోందని తెలియగానే రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే రాత్రికి రాత్రి స్కూళ్లు పుట్టుకొచ్చాయి. ఇటీవలి కాలంలో లాభాల కోసం నడిచే కాలేజీలు మాజీ సైనికులను వెంటపడి చేర్చుకుని, చెల్లని చదువులు అంటగట్టాయి. 2015లో కొరింథియన్, 2016లో ఐటీటీ టెక్ కాలేజీలు మూతపడినప్పుడు అందులో చదువుతున్న మాజీ సైనికులు తమ సాయాన్నీ కాలాన్నీ పోగొట్టుకుని రోడ్డున పడ్డారు. సందుకో ప్రైవేటు కాలేజీ ఉన్న మనకు ఇది చిన్న హెచ్చరిక కాదు. సేవానిధి పడిన వారానికే కన్సల్టెన్సీల ఫోన్లు మోగుతాయని ఊహించడం కష్టమేమీ కాదు. ఫీజు ప్రభుత్వమే నేరుగా గుర్తింపు ఉన్న యూనివర్సిటీకి కడితే ఆ గాలానికి ఎర దొరకదు.

కేంద్రం అసలేమీ చేయలేదనడం అన్యాయం. పథకం ప్రకటించిన మర్నాడే, 2022 జూన్ 15న, దూరవిద్య యూనివర్సిటీ ఇగ్నో ద్వారా అగ్నివీరులకు మూడేళ్ల ప్రత్యేక డిగ్రీ తెస్తామని విద్యాశాఖ చెప్పింది. సగం క్రెడిట్లు సర్వీసులో పొందిన శిక్షణకు, మిగతా సగం ఇగ్నో కోర్సులకు. పదో తరగతితో చేరినవారికి జాతీయ ఓపెన్ స్కూలు ద్వారా ఇంటర్ దారి కూడా చూపారు. ఇది మంచి పని, స్వాగతించాం. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో పుట్టింది మన హైదరాబాద్‌లోనే. ఆదివారం క్లాసులకు వెళ్లి డిగ్రీ సంపాదించి జీవితాలు మార్చుకున్నవారు తెలుగు నేలపై లక్షల్లో ఉన్నారు, దూరవిద్యను చిన్నచూపు చూసే ఉద్దేశం మాకు లేదు. కానీ దూరవిద్య ప్రధానంగా పని వదలలేనివారి కోసం. సర్వీసు ముగించుకుని ఇరవై రెండేళ్లకు ఇంటికొచ్చినవాడికి లైబ్రరీ, ల్యాబ్, ప్రాక్టికల్స్, చర్చించే స్నేహితులు, క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఎందుకు ఉండకూడదు? పైగా మన రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు వర్తించదు.

శిక్షణకు డిగ్రీ విలువ కట్టడం సైన్యానికి కొత్త కాదు. ఖడక్‌వాస్లా నేషనల్ డిఫెన్స్ అకాడమీలో మూడేళ్లు ముగించిన క్యాడెట్‌కు జేఎన్‌యూ డిగ్రీ ఇస్తుంది. కాబోయే ఆఫీసరు శిక్షణకు ఉన్న ఆ విలువలో కొంతైనా జవాను శిక్షణకు ఉండాలి. సికింద్రాబాద్‌లో సైనిక యంత్రాల మరమ్మతు నేర్పే ఈఎంఈ సెంటర్‌లో ట్యాంకు ఇంజను విప్పి బిగించడం నేర్చుకున్నవాడు, నౌకలో విద్యుత్ వ్యవస్థను చూసుకున్న అమ్మాయి, సిగ్నల్స్‌లో రేడియో సెట్లతో నాలుగేళ్లు గడిపినవాడు డిప్లొమాలోనో బీటెక్‌లోనో మొదటి సెమిస్టర్ వర్క్‌షాపులో మళ్లీ ఓనమాలు దిద్దాలా? విద్యార్థి క్రెడిట్లను జమ చేసి ఉంచేందుకు 2021లో తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉన్నదే ఇలాంటి అవసరాలకు. రెజిమెంటల్ సెంటర్ల నుంచి వచ్చే శిక్షణ పత్రాలను ఏ కోర్సులో ఎన్ని క్రెడిట్లుగా లెక్కించాలో జేఎన్‌టీయూలు, సాంకేతిక విద్యా మండళ్లు ముందే తేల్చి ప్రకటించాలి. కుర్రాడు ఫైలు పట్టుకుని డిపార్ట్‌మెంటు నుంచి డిపార్ట్‌మెంటుకు తిరగాల్సిన పని ఉండకూడదు.

మన రాష్ట్రాల్లోనే ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. ఢిల్లీ వీటిని పట్టించుకోదు, మనమే చూసుకోవాలి. ఒకటి క్యాలెండర్. డిసెంబరు, జనవరిలో సర్వీసు ముగిసినవాడు డిగ్రీ ప్రవేశాల దాకా సగం ఏడాది ఖాళీగా ఉండాలి. అంతదాకా ఏదో పనిలో పడితే మళ్లీ కాలేజీ వైపు రావడం కష్టం. ఆ నెలల్లో గణితం, ఇంగ్లిష్, కంప్యూటర్ల మీద బ్రిడ్జి కోర్సు యూనివర్సిటీలే పెట్టాలి, ఆ కాలానికీ భృతి ఇవ్వాలి. చదువు ఆపి నాలుగేళ్లయినవాడికి అది లేకుండా మొదటి సెమిస్టర్ గట్టెక్కడం తేలిక కాదు.

రెండోది లోకల్, నాన్‌లోకల్ గొడవ. మన ప్రవేశాల్లో స్థానికత తేలేది వరుసగా నాలుగేళ్లు ఎక్కడ చదివారు, ఎక్కడున్నారు అన్నదాన్ని బట్టి. జమ్మూలోనో తేజ్‌పూర్‌లోనో డ్యూటీ చేస్తూ ఓపెన్ స్కూల్లో ఇంటర్ రాసిన ఆదిలాబాద్ కుర్రాడు ఆదిలాబాద్‌లో లోకలా కాదా? దేశం పంపిన చోటుకు వెళ్లినందుకు సొంత జిల్లాలో పరాయివాడు కాకూడదు. చేరేనాటి స్థానికతే చెల్లుతుందని రెండు ప్రభుత్వాలూ ఒక్క జీవోతో తేల్చేయొచ్చు.

ఇక సీట్లు. ఇతరుల సీట్లు తగ్గించమని మేము అడగడం లేదు. ఇంజినీరింగ్‌లో ట్యూషన్ ఫీజు మినహాయింపు పథకానికి ఐదు శాతం సీట్లను అదనంగా సృష్టించినట్టే వీళ్లకూ సూపర్‌న్యూమరరీ సీట్లు ఇవ్వొచ్చు. ఫీజును మాత్రం రీయింబర్స్‌మెంట్ బకాయిల వరుసలో కలపొద్దు. ప్రభుత్వం ఇవ్వలేదని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తే పిల్లలు ఎంత నలిగిపోతున్నారో ఏళ్లుగా చూస్తున్నాం.

డబ్బెక్కడిదంటారు. 2022లో ప్రకటించింది ఏడాదికి 46 వేల మంది నియామకం. అందులో బయటికొచ్చేది నాలుగింట మూడువంతులు, వారిలో కాలేజీకి రావాలనుకునేది కొందరు. ప్రభుత్వ యూనివర్సిటీ ఫీజులు, హాస్టల్ ఖర్చుల లెక్కన చూస్తే ఇది దేశ బడ్జెట్‌ను కుదిపే భారం కాదు. పెన్షన్ల ఖర్చు పెరిగిపోతోందన్న ఆందోళన ఈ పథకం వెనక ఉందన్నది బహిరంగంగా నడిచిన చర్చే. అక్కడ మిగిలినదాంట్లో చిన్న భాగం వాళ్ల చదువుకే తిరిగి రావడం న్యాయం.

2022 జూన్ 17న సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ విధ్వంసాన్ని సమర్థించలేం. ‘నాలుగేళ్ల తర్వాత మా గతేంటి’ అని ఆ పిల్లలు వేసిన ప్రశ్న మాత్రం అప్పుడూ న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాల్సిన సమయం వచ్చింది. చట్టం చేయాల్సింది కేంద్రమే అయినా, రాష్ట్రాలు అందాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. రెండు ఉన్నత విద్యామండళ్లూ ఇప్పుడే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలతో కూర్చుని, వచ్చేవారిలో ఎవరు ఏం చదవాలనుకుంటున్నారో వాళ్లు సర్వీసులో ఉండగానే అడిగి తెలుసుకోవాలి. ప్రతి యూనివర్సిటీలో ఈ పనికి ఒక అధికారిని పేరుతో సహా నియమించాలి. 2027 వేసవిలో తెలంగాణలో దోస్త్, ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ డిగ్రీ ప్రవేశాల దరఖాస్తులు తెరిచేనాటికి అందులో అగ్నివీరులకు ఒక కాలమ్, దాని వెనక సీటు, ఫీజు, భృతి సిద్ధంగా ఉండాలి.