చెంచాడు ఉప్పునీళ్ల లెక్క

విశాఖ బీచ్‌లో చెంచాడు నీళ్లు తీస్తే అందులో లక్షల్లో బ్యాక్టీరియా ఉంటాయి. ఛీ అనకండి, వీటిలో చాలావాటికి మన ఊసే పట్టదు.

ప్రోక్లోరోకాకస్‌నే చూడండి. 1980ల మధ్యదాకా అదొకటుందని శాస్త్రవేత్తలకే తెలీదు. శాలీ చిషోమ్, రాబర్ట్ ఆల్సన్ బృందం అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రపు నీళ్లను లేజర్‌తో కణాలు లెక్కపెట్టే యంత్రంలో పోస్తే ఏవో సన్నటి సంకేతాలొచ్చాయి, మొదట యంత్రం లోపమేమో అనుకున్నారు కూడా. తీరా చూస్తే, మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా లేని ఈ జీవి ఎండతోనే తన తిండి తాను వండుకుంటూ, భూమధ్యరేఖకు అటూ ఇటూ దాదాపు 40 డిగ్రీల అక్షాంశం దాకా వెచ్చటి నడిసముద్రమంతా కాపురం ఉంటోంది. ధ్రువాల వైపు పోతే మాయం. ఎస్‌ఏఆర్11 అనే ఇంకో రకానికి ఆ పట్టింపు లేదు, దాని బంధువులు చలినీళ్లలోనూ ఉంటాయి.

ఎందుకీ తేడా? 2009 నుంచి 2013 దాకా తారా అనే ఫ్రెంచి ఓడ సముద్రాలు తిరిగి తెచ్చిన నీటి నమూనాల మీద 2015లో ఫలితాలొచ్చాయి. పైపొరల్లో ఏ సూక్ష్మజీవుల గుంపు ఎక్కడుండాలో తేల్చేది దూరం కంటే ముఖ్యంగా నీటి వేడి అని తేలింది.

మాకు టెన్షన్ అక్కడే. నీరు 28 డిగ్రీలు దాటితే ప్రోక్లోరోకాకస్ విభజన వేగం ఒక్కసారిగా పడిపోతుందని 2025లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. మన బంగాళాఖాతం పైనీళ్లు ఏడాదిలో చాలా నెలలు ఆ గీత దాటే ఉంటాయి! పైగా గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి తెచ్చే మంచినీళ్లు దుప్పటిలా పైన పరుచుకుని, అడుగునున్న పోషకాలను పైకి రానివ్వవు. తిండి తక్కువ, వేడి ఎక్కువ. అలాంటిచోట ఎవరు నిలుస్తారు, ఎవరు ఖాళీ చేస్తారు? చేపల తిండి గొలుసు మొదలయ్యేది వీళ్ల దగ్గరే కాబట్టి, ఇది వేటకెళ్లే మత్స్యకారుడి గొడవ కూడా.

చేపలు ఎక్కడ దొరకొచ్చో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ, ఉపగ్రహాలు పట్టిచ్చే నీటి వేడిని, ఎండతో తిండి వండుకునే ఇలాంటి జీవుల వల్ల నీళ్లకొచ్చే పచ్చదనాన్ని బట్టి మత్స్యకారులకు చెబుతోంది. మంచి పని, కాదనం. కానీ ఆ పచ్చదనంలో ఏ జీవి వాటా ఎంతో పైనుంచి సరిగ్గా తేలదు, నీళ్లు తోడి చూడాల్సిందే. అందుకే మా డిమాండ్ చిన్నదే: మన తీరం నుంచి నడిసముద్రం దాకా కొన్ని చోట్లు ఎంచుకుని, ప్రతి రుతువులో, ఏళ్ల తరబడి మానకుండా నమూనాలు తీయండి. ఒక ప్రాజెక్టు నిధులు అయిపోగానే ఓడ రేవులో కట్టేయడం కాదు. వచ్చిన లెక్కలు మన కాలేజీ పిల్లలు కూడా చూసేలా బయట పెట్టండి.