పేడపాటి చెయ్యని అమ్మ

మొన్న ఒక ఆఫీసులో అమ్మ తరఫున ఫారం నింపుతుంటే ‘వృత్తి’ గడి దగ్గర గుమాస్తాగారు ఆగారు. ఇంటిపని అన్నాను. "అంటే ఏమీ చెయ్యరన్నమాట" అంటూ ‘లేదు’ అని గీకేశారు. నాకు కోపం రాలేదు. దేశం ఏడాదిలో ఎంత ఉత్పత్తి చేసిందో లెక్కగట్టే జీడీపీ సూత్రాలు ఔపోసన పట్టిన మహానుభావుడు ఎదురయ్యాడని భక్తి కలిగింది.

మా పెరట్లో గేదె ఉంది. అది దేశానికి పనికొచ్చే జీవి. దాని పాలు అమ్మినా, మేమే తాగినా లెక్కలోకి వస్తాయి. పాలదాకా ఎందుకు, పేడ కూడా ఎరువు కింద, పిడకల కింద జీడీపీలో చేరుతుంది. ఆ పాలు కాచి, కాఫీ కలిపి, గ్లాసు చేతికందించిన మనిషి పని మాత్రం సున్నా. తెల్లవారుజామున అయిదింటికి మా పెరట్లో ఇద్దరు ఆడవాళ్లు లేస్తారు. ఒకరు నెమరేస్తూ దేశాన్ని ముందుకు నడిపిస్తుంటారు. రెండోవారు వాకిలి ఊడ్చి, అంట్లు తోముతూ కాలక్షేపం చేస్తుంటారు. గేదె తోకెత్తిందా, జాతీయాదాయం! రేపు పంద్రాగస్టుకి దానికి శాలువా కప్పితే, పక్కన తట్ట పట్టుకుని చప్పట్లు కొట్టాల్సింది అమ్మే.

ఇంటిపనికి విలువ కట్టడం కష్టమట. మా సొంతింటికి మాత్రం, కదలకుండా నిలబడ్డందుకు, రాని అద్దెను ఊహించి మరీ కలుపుతారు.

కిందటేడు అమ్మకి నడుం పట్టేసి వారం మంచమెక్కింది. ఆ వారం దేశం దూసుకెళ్లింది. స్కానింగు, ఇంజెక్షన్లు, కర్రీ పాయింట్ పప్పు, పాకెట్ దోసెపిండి. అమ్మ లేచి పిండి రుబ్బగానే మళ్లీ మాంద్యం.

నవ్వొస్తోందా? 2001 జనగణనలో ఇంటిపని చేసే ఆడవాళ్లను బిచ్చగాళ్లతో, వేశ్యలతో, ఖైదీలతో కలిపి ఒకే గాటన కట్టారు. 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టేదాకా ఎవరికీ చీమ కుట్టలేదు. అమ్మ కట్టిచ్చిన క్యారేజీ తిని, అదే చేత్తో ‘లేదు’ అని రాయడానికి సిగ్గుండక్కర్లేదా? 2024లో ప్రభుత్వమే సర్వే చేసింది. ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88. నిమిషాలతో సహా కొలిచి, అచ్చేసి, మళ్లీ సున్నాయే!

ఇదంతా అమ్మకి ఆవేశంగా చెప్పాను. ఆవిడ పప్పు మెదుపుతూ విని, "సరేగానీ, ఆ పేడ ఎత్తి రా. ఒక్కరోజైనా దేశానికి పనికొస్తావు" అంది.