544 కిలోల మర్యాద

లిఫ్టు లోపల గోడకు చిన్న స్టీలు పలక ఉంటుంది. మా లిఫ్టులో దాని మీద '8 మంది, 544 కిలోలు' అని రాసి ఉంది. భాగిస్తే మనిషికి 68 కిలోలు. మన దేశంలో చాలా లిఫ్టులకు ఇదే లెక్క. ఈ లెక్క కట్టిన పెద్దమనిషి ఎవరో గానీ నల్లగొండలో ఒక్క పెళ్ళికైనా వచ్చి ఉండడు. వచ్చినా భోజనం చేయకుండానే వెళ్ళిపోయి ఉంటాడు.

ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చదివి నల్లగొండలో ఒక ఫంక్షన్ హాల్లో ఉస్తాద్ చేతి కింద అప్రెంటిస్‌గా చేరాను. లిఫ్టు, జనరేటర్, సంపు మోటార్లు, ఆర్వో ప్లాంటు, ఏసీలు, ఫైర్ పంపు, ఇలా బిల్డింగులో తిరిగేవీ కదిలేవీ కారేవీ అన్నీ మావే. కదలనిది జీతం ఒక్కటే.

ఏసీల సంగతి ఎత్తుకుంటే ఒక పూట పడుతుంది. మనిషి ఊరికే కూర్చున్నా ఒంట్లోంచి దాదాపు వంద వాట్ల వేడి వస్తుంది. వెయ్యి మంది కూర్చుంటే లక్ష వాట్లు. ఆ వేడి ఒక్కటి తీయడానికే సుమారు 28 టన్నుల ఏసీ కావాలి. వీడియో లైట్లు, తలుపు తెరిచి పట్టుకుని ఫోన్లో మాట్లాడే చుట్టాలు అదనం. మా ఏసీలు ఐదొందల మందికి సరిపోతాయి. పత్రికలు మాత్రం వెయ్యి పంచుతారు. "ఏసీ వెయ్యలేదా?" అని అడిగినవాళ్ళందరికీ ఉస్తాద్ "ఇప్పుడే పెంచినం సార్" అంటాడు. వాళ్ళు వెళ్ళి కూర్చుని, "ఇప్పుడు మంచిగుంది" అంటారు. మెయింటెనెన్సులో సగం ఇదే. ఐటీఐలో ఈ పాఠం చెప్పరు.

ఇక మా సేటు. కరెంటు పోతే లిఫ్టును దగ్గరలోని అంతస్తుకు చేర్చి తలుపు తెరిచే పరికరం ఒకటి ఉంటుంది, ఏఆర్‌డీ అంటారు. అది బ్యాటరీల మీద నడుస్తుంది. మా లిఫ్టులో ఆ బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయాయి. మార్చమని ఉస్తాద్ అడిగితే, "కరెంటు పోతే జనరేటర్ ఉంది గదా" అన్నాడు సేటు. సరే, జనరేటర్ స్టార్టు కావాలంటే దానికీ బ్యాటరీ కావాలి, అదీ పోయింది, కొందామంటే, "కరెంటు పోతలేదు గదా" అన్నాడు. "2018 నుంచి బాయికాడ మోటార్లకే 24 గంటలు ఇస్తున్నరు. ఫంక్షన్ హాలుకు ఎందుకు పోతది?" ఈ వాదనలో తప్పెక్కడుందో పట్టుకోవడం కష్టం. మే నెల గాలిదుమారం పట్టుకుంది.

ఆ రోజు పెళ్ళి కింద హాల్లో, భోజనాలు రెండో అంతస్తులో. మధ్యలో మొదటి అంతస్తంతా ఆడపెళ్ళివారి విడిది గదులు. మొదటి బంతి లేచి రెండో బంతి కూర్చునే వేళ. మిర్యాలగూడలో రైస్ మిల్లున్న పెళ్ళికొడుకు మేనమామ తన పరివారంతో లిఫ్టెక్కాడు. బావలు, బామ్మర్ది, పట్టుచీరల్లో ఇద్దరు అత్తలు, వాళ్ళ చేతుల్లో సారె డబ్బాలు, పదేళ్ళ పిల్లగాడు. బజర్ మోగింది.

"ఆ మోత బంద్ చెయ్యి తమ్మీ."

"బరువెక్కువైంది సార్. ఎవరన్నా ఒక్కరు దిగాలె."

"బరువెక్కువున్నది ఎవరు?" అన్నాడాయన. లిఫ్టులో ఉన్నవాళ్ళందరూ నన్ను పగవాణ్ణి చూసినట్టు చూశారు.

ఆఖరున ఎక్కినవాళ్ళు దిగడం రివాజు. ఆఖరున ఎక్కింది మేనమామే. పెళ్ళికొడుకు మేనమామను దిగమంటే ఆ పెళ్ళి ఆగుతుంది, లిఫ్టు సంగతి తర్వాత. లిఫ్టుకు బరువు తెలుసు గానీ వరసలు తెలియవు. అందరూ కలిసి పిల్లగాణ్ణి బయటికి తోశారు. వాడు మెట్ల మీదుగా పైకి పరుగెత్తాడు. బజర్ ఆగలేదు. సారె డబ్బాలు దించి నా చేతిలో పెట్టారు. ఆగలేదు. అప్పుడందరూ బామ్మర్ది వైపు చూశారు. ఎవరూ ఒక్కమాట అనలేదు. పాపం, ఆయనే దిగిపోయాడు. బజర్ ఆగింది, తలుపులు మూసుకున్నాయి.

మొదటి అంతస్తు దాటిందో లేదో కరెంటు పోయింది. దానితోపాటు డీజే ఆగిపోయింది. డీజే ఆగకపోతే లిఫ్టులోంచి వస్తున్న అరుపులు మాకు తెల్లారేదాకా వినపడేవి కావు. జనరేటర్ ప్యానెల్ తన ధర్మం ప్రకారం మూడుసార్లు 'టిక్' అని చేతులెత్తేసింది.

లిఫ్టు ఇరుక్కుంటే మొదట లోపలివాళ్ళకు ధైర్యం చెప్పాలని ఉస్తాద్ నాకు నేర్పిన మొదటి పాఠం. ఎట్లా చెప్పాలో అప్పుడే చూశాను. రెండో అంతస్తు తలుపు సందులోంచి ఆయన గట్టిగా అరిచాడు: "ఎవ్వరు భయపడకుండ్రి! తాడు తెగినా ఏం గాదు!"

లోపల ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ఒక అత్త గొంతు: "ఓ యాదగిరి నర్సింహసామీ, తాడు తెగిందంట!"

ఉస్తాద్‌కు చరిత్ర మీద మక్కువ ఎక్కువ. సర్దిచెబుదామని మళ్ళీ మొదలుపెట్టాడు. "తెగలేదమ్మా! 1854లనే న్యూయార్కుల ఎలిషా ఓటిస్ అనే ఆయన, తాను నిలబడ్డ లిఫ్టు తాడును జనం ముందట నరికిచ్చి చూపెట్టిండు..." అంతే, 'కింద పడలేదు' అన్న మాట ఎవరికీ వినపడలేదు. నరికించిన సంగతి మాత్రం లిఫ్టులోకీ చేరింది, బంతిలో కూర్చున్నవాళ్ళకూ చేరింది. ఎవరో విస్తరి ముందు నుంచి లేచి, "ఎవడు నరికిండు?" అని అడిగాడు.

గాలి ఆడట్లేదని లోపల ఇంకో గోల. కేబిన్‌లో గాలికి సందులుంటాయి, ఆగిపోయింది ఫ్యాను ఒక్కటే. గాలి ఆడుతోందనడానికి సాక్ష్యం కూడా ఉంది. పైనుంచి మటన్ వాసన నేరుగా వాళ్ళ ముక్కులకే తగులుతోంది. వాళ్ళ అసలు బాధ కూడా అదే.

టెర్రస్ మీది మెషీన్ రూముకు ఎక్కాం. ఉస్తాద్ ముందుగా లిఫ్టు మెయిన్ స్విచ్ ఆపాడు. చేత్తో చక్రం తిప్పుతుండగా కరెంటు వచ్చి మోటారు తిరిగిందంటే చెయ్యి మిగలదు. నేను బ్రేకు లివరు పట్టుకోవాలి, ఆయన చక్రం తిప్పాలి. మరి కబుర్లు మోసేదెవరు? మెట్ల మీద బామ్మర్ది దొరికాడు.

"లిఫ్టు కిందికి దించుతున్నమని చెప్పు" అన్నాడు ఉస్తాద్.

బామ్మర్ది దిగి, చెప్పి, ఎక్కి వచ్చాడు. "కిందికెందుకు, మేం పోయేది పైకి అంటున్నడు మా బావ."

లిఫ్టుకు అటువైపు తాళ్ళకు ఎదురు బరువు వేలాడుతుంది. ఖాళీ కేబిన్ బరువుకు, పట్టే బరువులో దాదాపు సగం కలిపి దాన్ని తయారుచేస్తారు. లోపల ఒకరిద్దరే ఉంటే బ్రేకు వదలగానే కేబిన్ పైకి పోతుంది, నిండుగా ఉంటే కిందికి దిగుతుంది. మేనమామ పరివారం నిండుగానే ఉంది. పైకి తిప్పడం కుదరదని కాదు గానీ, ఆ బరువుకు ఎదురు తిప్పాలంటే ఉస్తాద్ నడుం ఒప్పుకోదు. ఇదంతా చెప్పే ఓపిక లేక, "లోపలున్నోళ్ళల్ల సగం మంది దిగితే అల్కగ పైకే పోతదని చెప్పు" అన్నాడు.

బామ్మర్ది దిగి, చెప్పి, ఎక్కి వచ్చాడు. ఈసారి రొప్పుతున్నాడు. "తలుపు మూసి ఉంటే దిగుడెట్ల అంటున్నరు."

ఉస్తాద్ చక్రం మీద తల పెట్టుకున్నాడు.

ఇంకో కబురు కూడా తెచ్చాడు: "మా మిల్లుల ఎలివేటర్ ఉన్నది. దాంట్ల వేసిన వడ్లు పైకే పోతయి. ఒక్క గింజ కిందికి రాదు. వడ్లకున్న మర్యాద మాకు లేదా అంటున్నడు."

దానికి జవాబు మా దగ్గర లేదు. చక్రం తిప్పడం మొదలుపెట్టాం. ఏ అంతస్తుకు వచ్చిందో తెలియడానికి తాళ్ళ మీద పసుపు రంగు గుర్తులు వేసి ఉంటాయి. గుర్తు ఇంకా జానెడు దూరం ఉందనగా కరెంటొచ్చింది. కింద డీజే, ఈలలు, చప్పట్లు. లిఫ్టు ముందు గుమిగూడిన జనం, "కరెంటొచ్చింది, స్విచ్ ఎయ్యరేం?" అని తిట్టడం మొదలుపెట్టారు. ఉస్తాద్ వినలేదు. గుర్తు సరిపోయేదాకా చేత్తోనే తిప్పాడు. ఆ ఒక్క పనికి ఆయనకు దండం పెట్టాలి.

మూడు మూలల తాళంచెవితో మొదటి అంతస్తు తలుపు తీశాం. చెమటలు కక్కుతూ మేనమామ బయటికొచ్చేసరికి ఎదురుగా ఆడపెళ్ళివారి గది, జడలు వేసుకుంటున్న ఆడవాళ్ళు. ఎవరో కేక వేశారు. ఆయన గిర్రున వెనక్కి తిరిగాడు.

"ఒక్క అంతస్తే సార్, మెట్ల మీద పోవచ్చు" అన్నాను.

"మెట్లెక్కుతందుకు మిర్యాలగూడ నుంచి వచ్చినమా? కరెంటొచ్చింది గదా" అని మళ్ళీ లిఫ్టులోకే వెళ్ళాడు. అత్తలూ బావలూ వెనకాలే. బామ్మర్దీ ఎక్కాడు. ఇంతలో పైనుంచి పిల్లగాడు మూతి తుడుచుకుంటూ దిగి వచ్చాడు.

"మామా, నేను తినొచ్చిన. నల్లిబొక్కలు అయిపోయినయి."

ఆ ఖబరు చెప్పి వాడూ లిఫ్టులోకి దూరాడు. బజర్ మోగింది. ఎవరూ చూడకముందే బామ్మర్ది దిగిపోయాడు.

వాళ్ళు బంతిలో కూర్చునేసరికి మిగిలింది బగారా, పచ్చిపులుసు, డబుల్ కా మీఠా. మేనమామ మీఠా ముట్టలేదు. మగపెళ్ళివారికి మర్యాద జరగలేదన్న మాట ఆడపిల్ల తండ్రి దాకా వెళ్ళింది. ఆయన హాలు బిల్లులో డీజిల్ ఖర్చు పట్టుకున్నాడు. తిరగని జనరేటర్‌కు డీజిలెందుకు ఇస్తానన్నాడు. న్యాయమే. సేటు దానికి కూడా ఏదో చెప్పబోయాడు గానీ పక్కన మేనమామ నిలబడి ఉండటం చూసి ఊరుకున్నాడు.

మర్నాడు సేటు జనరేటర్‌కు వేసే పెద్ద బ్యాటరీ ఒకటి కొనుక్కొచ్చాడు. ఒక్కటే. లిఫ్టుకు వేరే రకం చిన్న బ్యాటరీలు కావాలని ఉస్తాద్ చెబితే, "రెండిటికి ఇదే ఆడించుకోండ్రి. కరెంటు పోయినప్పుడు ఏది అవసరమైతే దానికి తగిలియ్యి" అన్నాడు.

"జనరేటరేమో కింద, లిఫ్టు మెషీనేమో టెర్రస్ మీద. ఇంత బరువు పైకెట్ల మోసుడు సేటూ?"

"లిఫ్టుల తీస్కపో" అన్నాడు సేటు.