నార్మ్ కాని నార్మ్

(కర్నూలు పాతబస్తీలో ఒక ఇల్లు. కొడుకు భువనేశ్వర్‌లో ఓపెన్ చెస్ టోర్నమెంట్ ఆడుతున్నాడు. ఎనిమిది రౌండ్లు అయ్యాయి, రేపు ఆఖరిది. సుంకమ్మ ఉగ్గానికి బొరుగులు చెరుగుతోంది. మద్దిలేటి రెవెన్యూ ఆఫీసులో రిటైరయ్యాడు కానీ కాలిక్యులేటర్ రిటైరవలేదు.)

మద్దిలేటి: సుంకమ్మా, రెండు కిలోల మైసూర్‌పాక్‌కు చెప్పొచ్చినా. మనోడు ఇంటర్నేషనల్ మాస్టర్, అదే ఐఎం, అయిపోయినట్లే!

సుంకమ్మ: యాడ అయినాడు? మూడు నార్మ్‌లు రావాలి, అంటే మూడు టోర్నీల్లో ఐఎం స్థాయి ఆట ఆడినట్లు లెక్క తేలాలి. ఆట బలం చెప్పే రేటింగ్ 2400 తాకాలి. వానిది 2310. ఒక్క నార్మ్ కూడా ఇంకా చేతికి రాలేదు.

మద్దిలేటి: ఆ మొదటిదే రేపు వస్తుందంటున్నా. అయిదున్నర పాయింట్లున్నాయి, ఇంకేం కావాలి?

సుంకమ్మ: ఎవరిమీద తెచ్చుకున్నాడో అది కావాలి. చిన్న రేటింగుల వాళ్ళను వరసబెట్టి కొడితే ఎవరూ నార్మ్ ఇవ్వరు. పర్ఫార్మెన్స్ 2450 ఉండాలి.

మద్దిలేటి: లెక్కలు నాకే చెప్తావా! ప్రత్యర్థుల రేటింగుల సగటు తీసి, స్కోరును బట్టి ప్రపంచ చెస్ సంఘం ఫిడే పట్టికలో ఉన్న అంకె కలిపితే అదే పర్ఫార్మెన్స్. రేపు డ్రా చేస్తే తొమ్మిదికి ఆరు, అంటే 125 కలపాలి. రేపటి వాని రేటింగ్ 2350. అందరిదీ కూడితే 20780. తొమ్మిదితో భాగిస్తే 2309. దానికి 125... (ఆగాడు) 2434.

సుంకమ్మ: పదహారు తక్కువ. మిఠాయి కొట్టుకు ఫోన్ చేస్తారా, నన్ను చేయమంటారా?

మద్దిలేటి: అంతా ఆ మొదటి రౌండు వాని వల్లే! 1780 రేటింగోడిని మనోనికి ఎందుకు వేశారసలు?

సుంకమ్మ: స్విస్ పద్ధతిలో మొదటి రౌండు అట్లే ఉంటుంది. పై సగంలో వాళ్ళకు కింది సగంలో వాళ్ళు తగులుతారు. అయినా ఆ 1780ని అట్లే ఎందుకు కూడినారు? ఐఎం నార్మ్ లెక్కలో, అందరికన్నా తక్కువ రేటింగున్న ఒక్కనిది 2050కి పెంచుకోవచ్చు. పెరిగింది 270. తొమ్మిదితో భాగిస్తే?

మద్దిలేటి: ముప్పై. (గబగబా నొక్కాడు) 2464! డ్రా చాలు! ఇదంతా నీకెట్లా తెలుసే?

సుంకమ్మ: ఏనుగును ఎందుకు ఆడికి జరిపినావురా అని మీరు ఫోన్లో వాణ్ని తిడుతుంటే, నేను రూల్స్ చదువుకున్నా.

మద్దిలేటి: ఆగాగు. ఎక్కువమంది మన దేశం వాళ్ళతోనే ఆడినాడే?

సుంకమ్మ: ఆ టోర్నీకి బయటి దేశాల వాళ్ళు చాలామందే వచ్చినారు. కనీసం మూడు దేశాల నుంచి ఇరవైమంది ఉండి, అందులో పదిమందికి పెద్ద టైటిళ్ళుంటే బయటి దేశాల వాళ్ళతో ఆడాలనే షరతు పెట్టరు. నాకు టెన్షన్ అది కాదు. రేపటి వానికి టైటిల్ ఉందా?

మద్దిలేటి: ఉంటే ఎంత, లేకుంటే ఎంత? ఐఎంలు, గ్రాండ్‌మాస్టర్లు కలిసి ముగ్గురుండాలి, ముగ్గురూ అయిపోయినారు గదా!

సుంకమ్మ: అది వేరే, ఇది వేరే. ప్రత్యర్థుల్లో సగంమందికి ఏదో ఒక టైటిల్ ఉండాలి, క్యాండిడేట్ మాస్టర్ మాత్రం పనికిరాదు. తొమ్మిదిమందిలో సగమంటే అయిదుగురు. మనోనికి తగిలింది నలుగురే.

మద్దిలేటి: పిచ్చిదానా, 2300 దాటితే ఫిడే మాస్టర్, అదే ఎఫ్ఎం! 2350 ఉన్నోనికి టైటిల్ లేకుండా ఉంటుందా?

సుంకమ్మ: దాటితే దానంతటదే రాదు. అప్లికేషన్ పెట్టాలి, ఫీజు కట్టాలి. పేరు ముందర ఏముందో చూడండి.

మద్దిలేటి: (ఫోన్ దగ్గరికి, దూరానికి జరిపి చూసి) ఏమీ లేదే!

సుంకమ్మ: అయితే రేపు గెలిచినా నార్మ్ లేదు.

మద్దిలేటి: ఎవడబ్బా వాళ్ళ నాయన! కొడుకు ఇంత ఆట ఆడుతుంటే టైటిల్ ఫీజు కట్టడానికి చెయ్యి రాలేదా? ఇట్లాంటి పిసినారోళ్ళ వల్ల మంచి పిల్లోళ్ళు నాశనమైపోతున్నారు!

సుంకమ్మ: మనోడు 2300 దాటి ఎన్నాళ్ళయింది?

మద్దిలేటి: ...అది వేరే సంగతి. ఎట్లాగూ ఐఎం వస్తుంది గదా, మధ్యలో ఈ ఎఫ్ఎం ఎందుకు, డబ్బు దండగ అని...

సుంకమ్మ: మైసూర్‌పాక్ మాత్రం దండగ కాదు.

(ఫోన్ మోగింది. కొత్త నంబరు. మద్దిలేటి స్పీకర్ నొక్కాడు.)

ఫోన్‌లో గొంతు: నమస్కారమండీ, గుంటూరు నుంచి మాట్లాడుతున్నాను. రేపు మీ అబ్బాయికీ మా వాడికీ గేమ్ పడింది కదా. మా వాడికి టైటిల్ ఉన్నవాళ్ళు ఇప్పటిదాకా నలుగురే తగిలారండి, ఇంకొకరు కావాలి. మీ వాడు 2310 కదా, మీరు ఎఫ్ఎం ఫీజు ఎప్పుడో కట్టేసే ఉంటారు. పేరు ముందు మాత్రం కనబడట్లేదు, వాళ్ళేమైనా పొరపాటున వదిలేశారేమోనని...

మద్దిలేటి: (ఫోన్ చాచి) సుంకమ్మా, నీకేనంట.